నలభై దాటాక గుండె దడ, గాభరా: పెరిమెనోపాజ్ ఆందోళనను అదుపు చేసుకోవడం ఎలా

నెలసరి ఇంకా వస్తూనే ఉంది కాబట్టి ముట్లుడిగే దశ గురించి మీరు ఆలోచించి ఉండరు. అయినా కొన్ని నెలలుగా ఏదో మారిందని మీకు తెలుస్తోంది. తెల్లవారుజామున మూడు గంటలకు గుండె దడతో మెలకువ వస్తోంది. కాలేజీకి వెళ్లిన పిల్ల ఫోను ఎత్తకపోతే కాళ్లూ చేతులూ ఆడటం లేదు. నలుగురు చుట్టాలు వస్తున్నారంటే చాలు, ఇరవై ఏళ్లుగా అలవోకగా చేసిన వంట కొండంత పనిగా కనిపిస్తోంది. ఇంట్లో చెబితే సాధారణంగా రెండే జవాబులు వస్తాయి. "నువ్వు ప్రతిదానికీ ఎక్కువ ఆలోచిస్తావు" అని కొందరు, "ఈ వయసులో అందరికీ ఉండేదేలే" అని ఇంకొందరు.

రెండూ తప్పే. మొదటి మాట ఒంట్లో జరుగుతున్న మార్పును మీ స్వభావంలోని లోపంగా చూపిస్తుంది. రెండో మాట తగ్గించుకోగలిగిన బాధను భరించి తీరాల్సిన బాధగా మార్చేస్తుంది. ఈ దశలో వచ్చే ఆందోళనకు కారణాలున్నాయి, దాన్ని గుర్తుపట్టే పద్ధతి ఉంది, చికిత్స కూడా ఉంది. ఏది ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో ఆ వరుసలోనే చెబుతాను.

ముందుగా, ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోండి

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటారు. అంతకు ముందు హార్మోన్లు క్రమం తప్పే కాలమే పెరిమెనోపాజ్. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకే మెనోపాజ్ వస్తుంది. పెరిమెనోపాజ్ చాలామందిలో నాలుగేళ్లు, కొందరిలో ఇంకా ఎక్కువ కాలం సాగుతుంది. అంటే నలభై దాటిన కొత్తలోనే, నెలసరి ఇంచుమించు సక్రమంగా ఉన్నప్పుడే ఈ మార్పులు మొదలు కావచ్చు. యాభై ఏళ్లకు సంబంధించిన విషయమని అనుకోవడం వల్లే చాలామంది తమ లక్షణాలకూ దీనికీ ముడిపెట్టుకోలేకపోతున్నారు.

ఈ కాలంలో ఈస్ట్రోజెన్ మెల్లగా తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఎగసిపడుతుంది. ఒక నెల మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది, మరో నెల అట్టడుగుకు పోతుంది. కరెంటు పోవడం వేరు, ఓల్టేజీ ఎగుడుదిగుడు కావడం వేరు. సామాను పాడయ్యేది రెండో దానితోనే. మనసును నిలకడగా ఉంచే సెరటోనిన్ వంటి మెదడు రసాయనాల మీద ఈస్ట్రోజెన్ ప్రభావం ఉంటుంది కాబట్టి, దాని ఎగుడుదిగుళ్లు నేరుగా మనసుకు తగులుతాయి. ముట్లు పూర్తిగా ఆగిపోయి, ఈస్ట్రోజెన్ తక్కువ స్థాయిలోనైనా స్థిరపడ్డాక చాలామందికి ఆందోళన తగ్గడానికి కారణం ఇదే.

రెండో హార్మోను ప్రొజెస్టెరాన్. అండం విడుదలైన నెలల్లోనే ఇది తగినంత తయారవుతుంది. నలభైల్లో అండం విడుదల కాని నెలలు పెరుగుతాయి. ప్రొజెస్టెరాన్ నుంచి ఒంట్లో అల్లోప్రెగ్ననోలోన్ అనే పదార్థం పుడుతుంది. మెదడులో గాబా అనే శాంతపరిచే వ్యవస్థకు అది తోడ్పడుతుంది. అది తగ్గినప్పుడూ, దాని మోతాదు ఒక్కసారిగా మారినప్పుడూ నిద్ర పలచబడుతుంది, చిన్న శబ్దానికే ఒళ్లు ఉలిక్కిపడుతుంది. మీరు పిరికివారు కావడం వల్ల ఇలా జరగడం లేదు.

పూర్వం నెలసరికి ముందు వారం బాగా చిరాకు పడేవారికి, కాన్పు తర్వాత దిగులు వచ్చినవారికి, మొదటి నుంచీ ఆందోళన ఉన్నవారికి ఈ దశ ఎక్కువ కష్టంగా ఉంటుంది. అయితే అమెరికాలో వేల మంది మహిళలను ఏళ్ల తరబడి గమనించిన స్వాన్ అధ్యయనంలో, అంతకుముందు ఆందోళన అంతగా లేని స్త్రీలలో కూడా ఈ దశలో అది పెరిగినట్టు తేలింది. "నాకు ఎప్పుడూ ఇలాంటివి లేవు, ఇప్పుడెందుకు?" అని అడిగేవారికి జవాబు అదే.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. అంతా హార్మోన్ల మీదికే నెట్టేయకూడదు. పిల్లల ఇంటర్మీడియట్ చదువు, అత్తమామల అనారోగ్యం, ఇంటి అప్పు, ఉద్యోగం, ఇవన్నీ సరిగ్గా ఈ వయసులోనే ఒకేసారి మీద పడతాయి. బరువు పెరిగిన సమయంలోనే మోసే శక్తి సన్నగిల్లుతుంది. రెండు వైపులా పనిచేయాలి.

మొదటి పని: క్యాలెండరు మీద రాయడం

వంటింట్లో వేలాడే క్యాలెండరు చాలు. కనీసం మూడు నెలసరుల పాటు ప్రతి రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాలు కేటాయించండి. నెలసరి వచ్చిన రోజుల చుట్టూ సున్నా చుట్టండి. ప్రతి తేదీ గడిలో ఆ రోజు ఆందోళనకు 0 నుంచి 10 మధ్య ఒక అంకె వేయండి. నిద్ర చెడితే "ని", వేడి ఆవిర్లు (ఉన్నట్టుండి ముఖం, మెడ వేడెక్కడం) వస్తే "వే", గుండె దడ వస్తే "ద" అని రాయండి. ఆ రోజు భోజనం మానేసినా, ఉపవాసం ఉన్నా, కాఫీ ఎక్కువ తాగినా, ఇంట్లో పెద్ద గొడవ జరిగినా ఒక ముక్క రాసుకోండి. ఇంతకంటే ఎక్కువ రాయాలనుకుంటే పది రోజుల్లో మానేస్తారు.

మూడు నెలల తర్వాత ఆ కాగితాలను పక్కపక్కన పెట్టి చూడండి. పెద్ద అంకెలు నెలసరికి ముందు వారం, పది రోజుల్లో గుమికూడి ఉంటే హార్మోన్ల పాత్ర బలంగా ఉందని అర్థం. వేడి ఆవిర్లు, చెడిన నిద్ర, ఆ మర్నాడు పెద్ద అంకె, ఇలా వరుస కనిపిస్తే ముందు చక్కదిద్దాల్సింది రాత్రిని. నెలంతా ఒకే తీరుగా 7, 8 ఉంటే అది ఆందోళన వ్యాధి కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, లేదా ఇంటి పరిస్థితే కావచ్చు. డాక్టరు దగ్గర "ఎప్పుడూ బాగోదండీ" అనడానికీ, ఈ కాగితం చూపించడానికీ చాలా తేడా ఉంటుంది. ఏ మందు పనిచేసిందో తర్వాత తేల్చేది కూడా ఈ కాగితమే.

పెళ్లిళ్లకూ వ్రతాలకూ నెలసరి వెనక్కి జరపడానికి మాత్రలు వేసుకునే అలవాటు మన ఇళ్లలో చాలా ఉంది. ఈ వయసులో దాన్ని తేలికగా తీసుకోకండి. ఆ మాత్రల్లో ఉండేది హార్మోనే. కొందరికి వాటితో మనసు మరింత కుంగుతుంది. కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారికి అవి ప్రమాదం. డాక్టరును అడగకుండా మందుల షాపులో కొనకండి. వేసుకున్న తేదీలను మాత్రం క్యాలెండరు మీద తప్పకుండా రాయండి.

గర్భసంచి తీయించుకున్నవారు నెలసరిని చూసి లెక్కపెట్టే వీలు లేదు. ఇది మనకు చిన్న విషయం కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తొలగించినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ ఒక్కసారిగా వచ్చి పడుతుంది. వాటిని ఉంచినా, మామూలు కంటే ముందే అవి పనిచేయడం తగ్గవచ్చు. మీ డిశ్చార్జి కాగితం తీసి అండాశయాలు ఉన్నాయో లేవో చూడండి. అర్థం కాకపోతే ఆ కాగితాన్ని ఏ గైనకాలజిస్టుకైనా చూపించి అడగండి. చిన్న వయసులో అండాశయాలు తీసినవారికి హార్మోన్ చికిత్స అవసరమా కాదా అన్నది ఎముకలకూ గుండెకూ కూడా ముఖ్యమైన ప్రశ్న.

క్యాలెండరుతో పాటు నెలకోసారి ఇంకో చిన్న లెక్క వేసుకోండి. డాక్టర్లు వాడే గ్యాడ్-7 అనే కొలతలో ఏడు ప్రశ్నలుంటాయి. గడిచిన రెండు వారాల్లో గాభరాగా, ఉద్విగ్నంగా అనిపించిందా? ఆందోళన ఆపుకోలేకపోయారా? రకరకాల విషయాల గురించి అతిగా దిగులు పడ్డారా? ఒంటికి విశ్రాంతి దొరకలేదా? కుదురుగా కూర్చోలేకపోయారా? ఇట్టే చిరాకు వచ్చిందా? ఏదో ఘోరం జరగబోతోందని భయం వేసిందా? ఒక్కోదానికి అసలు లేకపోతే 0, కొన్ని రోజులు ఉంటే 1, సగానికి పైగా రోజులు ఉంటే 2, దాదాపు రోజూ ఉంటే 3 వేయండి. మొత్తం 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే ఇంటి చిట్కాలతో ఆగకండి, డాక్టరును కలవండి.

రెండో పని: ఇతర కారణాలు లేవని తేల్చుకోవడం

ఆందోళనలా కనిపించే జబ్బులు చాలా ఉన్నాయి. ఒకసారి ఈ రక్త పరీక్షలు చేయించుకోండి: హిమోగ్లోబిన్‌తో కూడిన పూర్తి రక్త పరీక్ష, ఒంట్లో ఐరన్ నిల్వలు చూపే ఫెరిటిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, విటమిన్ బి12, పరగడుపు షుగరు లేదా మూడు నెలల సగటు షుగరు చూపే హెచ్‌బీఏ1సీ. బీపీ చూపించుకోండి. దడ ఎక్కువగా ఉంటే ఈసీజీ కూడా.

ఇందులో రక్తహీనతను నేను అన్నిటికంటే పైన పెడతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. పెరిమెనోపాజ్‌లో కొందరికి నెలసరి గడ్డలు గడ్డలుగా, పది రోజుల పాటు అవుతుంది. రక్తం తగ్గితే గుండె వేగంగా కొట్టుకుంటుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, తల తేలిపోతుంది. ఆ దడను మెదడు భయంగా అర్థం చేసుకుంటుంది. ఇలాంటివారికి ధ్యానం నేర్పి పంపించడం అన్యాయం. వారికి కావలసింది ఐరన్, ఆ రక్తస్రావానికి చికిత్స.

థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా చేతులు వణకడం, చెమటలు, దడ అచ్చం ఇలాగే ఉంటాయి. ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వాడుతుంటే మోతాదు ఎక్కువైందేమో చూపించుకోండి. షుగరు మాత్రలు వాడేవారు భోజనం ఆలస్యం చేస్తే చెమటతో, వణుకుతో వచ్చేది షుగరు పడిపోవడం వల్ల కావచ్చు.

45 దాటినవారికి లక్షణాలను బట్టే పెరిమెనోపాజ్ అని నిర్ణయించవచ్చు. అండాశయాలను నడిపే హార్మోను స్థాయి చూసే ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్ష అవసరం సాధారణంగా ఉండదు. ఈ దశలో ఆ అంకె వారం వారం మారుతుంది కాబట్టి నార్మల్ అని వచ్చినంత మాత్రాన మీ లక్షణాలు అబద్ధమైపోవు. 40 లోపే నెలసరి ఆగిపోతుంటే మాత్రం పరీక్షలు తప్పనిసరి.

గుండె విషయంలో ఒక హెచ్చరిక. మన ఆడవాళ్లు ఛాతీలో ఏ ఇబ్బంది వచ్చినా గ్యాస్ అని సోడా తాగి పడుకుంటారు. స్త్రీలలో గుండెపోటు ఛాతీ నొప్పితో పాటు దవడ నొప్పి, వీపు నొప్పి, ఎడమ చేతి లాగుడు, చల్లటి చెమట, విపరీతమైన ఆయాసం రూపంలో కూడా రావచ్చు. కొత్తగా ఇలాంటివి వచ్చినా, స్పృహ తప్పినా అది ఆందోళనో కాదో ఇంట్లో కూర్చుని తేల్చకండి. 108కి ఫోను చేయండి.

గాభరా వచ్చిన ఆ పది నిమిషాల్లో

పరీక్షలన్నీ బాగున్నాయి, గుండెకు ఏమీ లేదని డాక్టరు చెప్పారు. అయినా దడ వస్తోంది. అప్పుడు చేయాల్సింది ఇది.

ఉన్నచోటే కూర్చోండి, రెండు పాదాలూ నేలకు ఆనించండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చండి. ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. గట్టిగా, లోతుగా పీల్చాల్సిన పని లేదు. అలా పీలిస్తే తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, భయం ఇంకా పెరుగుతుంది. ఊపిరి వదలడం నెమ్మదిగా సాగడమే ముఖ్యం. అయిదు నిమిషాలు అలా చేయండి. లెక్క కుదరకపోతే నోటికి వచ్చిన ఏ శ్లోకమైనా నెమ్మదిగా చదువుకోండి, పాదం చివర ఊపిరి దానంతటదే పొడవుగా బయటికి వెళుతుంది.

వేడి ఆవిరి వచ్చినప్పుడు ముఖం, మెడ వేడెక్కి, గుండె వేగం పెరుగుతుంది. చాలామందిలో ముందు వచ్చేది ఆవిరి, దాని వెనక భయం. "ఇది సెగ, కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది" అని మనసులో పేరు పెట్టి చెప్పుకోండి. ఫ్యాను కింద కూర్చుని, తడిగుడ్డ మెడ వెనక పెట్టుకోండి. గాభరా తుఫానులు సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి ఆ తర్వాత దిగుతాయి. దాన్ని ఆపడానికి కుస్తీ పడకుండా దిగేదాకా ఉండటం నేర్చుకుంటే, తర్వాతిసారి వచ్చే భయం తగ్గుతుంది.

ఆ సమయంలో బీపీ మిషను తీయకండి. భయంలో బీపీ పెరుగుతుంది, ఆ అంకె చూసి భయం పెరుగుతుంది, మళ్లీ చూస్తారు. బీపీ చూడాలంటే ప్రశాంతంగా ఉన్న ఉదయం పూట, డాక్టరు చెప్పినన్ని సార్లే.

రాత్రి మూడు గంటల మెలకువ

ఈ దశలో ఆడవాళ్లను అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసేది ఇదేనని నా అభిప్రాయం. పగలు మోయగలిగిన దిగులు కూడా రాత్రి మూడింటికి మోయలేనిదిగా ఉంటుంది. ఆ వేళ ఏ సమస్యకూ పరిష్కారం ఆలోచించనని ముందే నిర్ణయించుకోండి. ఆ పని సాయంత్రానికి మార్చండి. రోజూ ఒకే వేళకు, చీకటి పడకముందు పదిహేను నిమిషాలు కూర్చుని దిగుళ్లన్నీ కాగితం మీద రాయండి. ఒక్కోదాని పక్కన "రేపు చేయగలిగింది" అని ఒక పని రాయండి. చేయగలిగింది ఏమీ లేకపోతే గీత గీసి వదిలేయండి. రాత్రి మెలకువ వచ్చి అదే ఆలోచన తిరిగితే, "అది కాగితం మీద ఉంది, రేపు సాయంత్రం చూస్తాను" అని చెప్పుకోవడానికి ఆధారం దొరుకుతుంది.

మెలకువ వచ్చి ఇరవై నిమిషాలు అయిందనిపిస్తే మంచం దిగండి. గడియారం చూడకండి, ఫోను తాకకండి. మసక వెలుతురులో కూర్చుని ఒత్తులు చేసుకోండి, బట్టలు మడతపెట్టండి, జపం చేసుకోండి. నిద్ర ముంచుకొచ్చాకే మంచం ఎక్కండి. రాత్రి ఎంత చెడినా ఉదయం ఒకే సమయానికి లేవండి. మధ్యాహ్నం కునుకు ఇరవై నిమిషాలు దాటనివ్వకండి. మొదటి రెండు వారాలు ఇది కష్టంగానే ఉంటుంది, తర్వాత నిద్ర గట్టిపడుతుంది. నిద్రలేమికి మాటల చికిత్సలో నేర్పే పద్ధతే ఇది. రాత్రికి నూలు బట్టలు, పలచని దుప్పటి, పక్కనే మంచినీళ్లు. గురక కొత్తగా మొదలై, ఉదయం తలనొప్పి ఉంటే డాక్టరుతో చెప్పండి. నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఈ వయసు నుంచి ఆడవాళ్లలో పెరుగుతుంది, అది కూడా దడతో లేపుతుంది.

కాఫీ, తిండి, నడక

తాగిన కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగింటి కాఫీ రాత్రి తొమ్మిదికి కూడా సగం మిగిలే ఉంటుంది. ఉదయం ఒకటి ఉంచుకుని మధ్యాహ్నం తర్వాతవి మానేసి రెండు వారాలు చూడండి. ఒక్కసారిగా ఆపితే తలనొప్పి వస్తుంది, రోజుకింత తగ్గించండి. వక్కపొడి, జర్దా, నశ్యం కూడా గుండె వేగాన్ని పెంచేవే.

ఉపవాసాలు మీ ఇష్టం, మీ నమ్మకం. కానీ కార్తీక సోమవారం రోజంతా ఖాళీ కడుపుతో కాఫీలు మాత్రం తాగి, సాయంత్రానికి చేతులు వణికితే అది హార్మోను తప్పు కాదు. పండ్లు, పాలు, మజ్జిగ తీసుకుంటూ చేయండి. మిగతా రోజుల్లో ఉదయం టిఫిన్ మానకండి, అందులో పప్పు, పెసలు, గుడ్డు లాంటి మాంసకృత్తులు ఉండేలా చూసుకోండి.

వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు బరువు పని. ఇంటి పనే వ్యాయామం అనుకోవద్దు. నడిచేటప్పుడు గుండె కొట్టుకోవడం పెరిగి, ఆగాక దానంతటదే తగ్గడాన్ని ఒళ్లు రోజూ చూస్తుంటే, దడ అంటే ప్రమాదం అన్న భయం మెల్లగా విరుగుతుంది. నడక వల్ల కలిగే ఈ లాభం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు.

మానేసిన పనులను తిరిగి పట్టుకోవడం

ఆందోళన చేసే అసలు నష్టం దడ కాదు, దానికి భయపడి మనం మానేసే పనులు. స్కూటీ నడపడం మానేస్తారు, తర్వాత బజారుకు ఒంటరిగా వెళ్లడం మానేస్తారు, ఆ తర్వాత పెళ్లిళ్లకు. మానేసిన ప్రతిసారీ ఆ పూటకు హాయిగా ఉంటుంది, భయం మాత్రం ఇంకొంచెం పెరుగుతుంది. దీన్ని మెట్లుమెట్లుగా వెనక్కి తిప్పాలి. స్కూటీయే అయితే, మొదటి వారం ఉదయం ఖాళీ వీధిలో నడపండి. రెండో వారం కిరాణా కొట్టు దాకా. ఆ తర్వాత పెద్ద రోడ్డు దాకా. ఒక మెట్టు మీద భయం సగానికి తగ్గేదాకా అక్కడే ఉండి, అప్పుడే పైమెట్టు ఎక్కండి. నెలసరికి ముందు వారం కొత్త మెట్టు మొదలుపెట్టకండి, మీ క్యాలెండరు ఇక్కడ కూడా పనికొస్తుంది.

డాక్టరు దగ్గర ఏం చెప్పాలి, ఏం అడగాలి

మన ఆసుపత్రుల్లో డాక్టరు దగ్గర దొరికే సమయం చాలా తక్కువ. కాబట్టి మొదటి వాక్యంలోనే విషయం చెప్పండి: "నాకు 44 ఏళ్లు. ఎనిమిది నెలలుగా నెలసరి క్రమం తప్పింది. వారంలో నాలుగు రాత్రులు దడతో మెలకువ వస్తోంది. ఇది పెరిమెనోపాజ్ వల్లేమో చూడండి." తర్వాత క్యాలెండరు, గ్యాడ్-7 అంకె, రక్త పరీక్షలు ముందుంచండి. గతంలో కాన్పు తర్వాత దిగులు వచ్చి ఉంటే, ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ ఉంటే, కాళ్లలో రక్తం గడ్డకట్టి ఉంటే, వాడుతున్న మందులేమైనా ఉంటే అన్నీ చెప్పండి. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో మెనోపాజ్ సమస్యలను కూడా చేర్చారు. మీకు దగ్గరలో ఆ క్లినిక్ ఉందేమో ఆశా కార్యకర్తను అడగండి.

చికిత్సలు మూడు రకాలు. మొదటిది మాటల చికిత్స, అంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. పైన చెప్పిన నిద్ర పద్ధతి, మెట్ల పద్ధతి దానిలోవే. మందులు వాడలేనివారికి కూడా పనికొస్తుంది.

రెండోది హార్మోన్ చికిత్స. వేడి ఆవిర్లకు ఇది అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. ఆవిర్లు, నిద్ర చెడటం, మనసు చెడటం కలిసి ఉన్నవారికి మనసు కూడా తేలికపడవచ్చు. ఆందోళన ఒక్కటే ఉంటే ఇది మొదటి మందు కాదు. దీనంటే చాలామందికి ఉన్న భయం 2002లో అమెరికాలో వెలువడిన విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అధ్యయనంతో వచ్చింది. అందులో పాల్గొన్నవారి సగటు వయసు 63. ఆరోగ్యంగా ఉండి, 60 లోపు వయసులో గానీ మెనోపాజ్ వచ్చిన పదేళ్లలోపు గానీ మొదలుపెట్టేవారిలో ఎక్కువమందికి ప్రమాదం కంటే ప్రయోజనమే ఎక్కువని తర్వాత స్పష్టమైంది. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టెరాన్ కూడా తీసుకోవాలి. చర్మానికి రాసే జెల్, అంటించే పట్టీలతో రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రల కంటే తక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవారు, పక్షవాతం, గుండెపోటు, తీవ్రమైన కాలేయ జబ్బు ఉన్నవారు సాధారణంగా వాడకూడదు.

మూడోది ఆందోళన తగ్గించే మందులు, ఎసిటలోప్రామ్ లాంటివి. ఇవి అలవాటు పడే మందులు కావు. మొదటి వారం, పది రోజులు కడుపులో వికారం, కాస్త ఎక్కువ కంగారు ఉండవచ్చు. గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. చాలామంది సరిగ్గా ఆ మధ్యలోనే "పడలేదు" అని మానేస్తారు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ వాడుతుంటే ముందే చెప్పండి, ఈ తరగతిలోని కొన్ని మందులు దాని పనిని తగ్గిస్తాయి.

నిద్ర కోసం, గాభరా కోసం చాలామంది వేసుకునే ఆల్ప్రాజోలామ్ మాత్ర సంగతి వేరుగా చెప్పాలి. పక్కింటావిడ ఇచ్చిందనో, తెలిసిన షాపతను ఇచ్చాడనో రాత్రిపూట ఒక మాత్ర మొదలవుతుంది. మొదటి రాత్రే నిద్ర పడుతుంది కాబట్టి నమ్మకం కుదురుతుంది. కొన్ని వారాల్లో అది లేకుండా నిద్ర రాదు, మోతాదు పెరుగుతుంది, మతిమరుపు, తూలడం మొదలవుతాయి. చట్టం ప్రకారం డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. సైకియాట్రిస్టు దగ్గర కొద్దికొద్దిగా తగ్గించుకోండి. అశ్వగంధ వంటివి వాడాలనుకున్నా డాక్టరుకు చెప్పే వాడండి. అది థైరాయిడ్ మీద పనిచేస్తుంది, కొందరిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు కూడా ఉన్నాయి.

సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్దామంటే "ఎర్రగడ్డకా?" అని నవ్వే చుట్టాలు ఉంటారు. వాళ్ల నవ్వు కోసం మీ నిద్ర వదులుకోకండి. వెళ్లడానికి వీలుకాకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఫోను చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి.

ఇక, నెలసరి ఎక్కువవుతోందని, చిరాకుగా ఉంటోందని గర్భసంచి తీయించేసుకుంటే పీడ వదులుతుందని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి. ఆందోళనకు ఆ ఆపరేషన్ చికిత్స కాదు. ఎక్కువ రక్తస్రావానికి కూడా మాత్రలు, గర్భసంచిలో అమర్చే హార్మోన్ పరికరం వంటి మార్గాలున్నాయి. రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోకుండా సంతకం పెట్టకండి.

ఇంట్లో చెప్పడం

గొడవ జరుగుతున్నప్పుడు చెబితే అది సాకులా వినిపిస్తుంది. ప్రశాంతంగా ఉన్న పూట చెప్పండి. "ఏమండీ, నాకు నెలసరి ఆగిపోయే ముందు వచ్చే మార్పులు మొదలయ్యాయి. నిద్ర పట్టక దడ వస్తోంది. డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. అప్పటిదాకా నాకు రెండు సహాయాలు కావాలి" అని, ఆ రెండూ స్పష్టంగా అడగండి. ఉదయం పిల్లల క్యారేజీ ఆయన కట్టడం, రాత్రి మెలకువ వచ్చినప్పుడు "ఊరికే భయపడకు" అనకుండా పక్కన కూర్చోవడం, ఇలా చేతికి అందే పనులు. "నన్ను అర్థం చేసుకోండి" అంటే ఏం చేయాలో ఎదుటివారికి తెలియదు. ఎదిగిన పిల్లలకు కూడా చెప్పండి, కొడుకులకు కూడా. "చేరగానే ఒక మెసేజ్ పెట్టు నాన్నా" అన్న చిన్న ఒప్పందం చాలా సాయంత్రాలను కాపాడుతుంది.

మూడు నెలలకోసారి

చికిత్స మొదలుపెట్టిన మూడు నెలలకు గ్యాడ్-7 మళ్లీ లెక్కవేసి, కొత్త క్యాలెండరును పాతదాని పక్కన పెట్టండి. అంకె సగానికి తగ్గితే అదే కొనసాగించండి. తగ్గకపోతే "ఇంకా తగ్గలేదు, ఏం మారుద్దాం?" అని డాక్టరును అడగండి. ఒక మందు పనిచేయలేదంటే మీకు ఏదీ పనిచేయదని కాదు.

నెలసరి తప్పుతోంది కదా అని గర్భనిరోధకం మానకండి. ఈ దశలో కూడా గర్భం రావచ్చు. 50 దాటినవారు చివరి నెలసరి తర్వాత ఏడాది, 50 లోపువారు రెండేళ్లు జాగ్రత్త పడాలి. చివరిసారి వచ్చిన తేదీని ప్రతిసారీ రాసి ఉంచండి. అక్కడి నుంచి 12 నెలలు నిండాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, నొప్పి లేకపోయినా, ఆ వారంలోనే గైనకాలజిస్టుకు చూపించుకోండి.